మా ఇంటి బడిలో రెండో విద్యార్థి

ఫిబ్రవరి 6

వదినకి సలాములు.

ఈ ఉత్తరం కూర్చుని చదవండి. నిలబడి చదివితే మీకు కోపం ఎక్కువవుతుందని మీ తమ్ముడు అంటున్నారు.

మన పిడుగుని బడి మాన్పించాం. మాన్పించాక చెబుతున్నాను, ఎందుకంటే ముందే చెబితే మీరు మాన్పించనిచ్చేవారు కాదు. ఇక నుంచి దానికి ఇంట్లోనే చదువు, చెప్పేది నేనే.

ఎందుకో రాస్తాను. ఇంట్లో దాని నోటికి తాళం ఉండదని మీకు తెలుసు. కుళాయి బాగుచేయడానికి వచ్చిన మనిషిని వాళ్ళ నాయనమ్మ పెళ్ళి సంగతుల దాకా అడిగి పంపించింది. అదే పిల్ల బడిలో మూడు నెలలు ఒక్క మాట మాట్లాడలేదట. గదిలో యాభైయారు మంది, దీనిది మూల బల్ల. టీచరు నన్ను పిలిపించి, మీ అమ్మాయికి మాటలు వచ్చా అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను.

టైంటేబుల్ వేశాను. తెల్లారి ఫజర్ నమాజు అయ్యాక మామయ్య దగ్గర ఖురాన్ పాఠం. ఆయన చదివితే ఇది వెనకే చెబుతుంది. టీ తర్వాత నా దగ్గర తెలుగు. మధ్యాహ్నం జుహర్‌కి ముందు లెక్కలు. సాయంత్రం అసర్ అయ్యాక ఆటలు. గంట కోసం మీ తమ్ముడు తన గడియారాల కొట్టు నుంచి ఒక అలారం గడియారం తెచ్చారు. ఎవరో బాగుచేయమని ఇచ్చిందే. ఇరవై నిమిషాలు ముందే మోగుతుంది కాబట్టి మా బడికి ఎవరూ ఆలస్యంగా రారు.

నేను చదివింది పదో తరగతి వరకే. మీరేమో ముప్పైనాలుగేళ్ళుగా పాఠాలు చెబుతున్నారు. తిట్టాలనుకుంటే తిట్టండి గానీ, ఎలా చెప్పాలో కూడా రెండు ముక్కలు రాయండి.

ప్రధానోపాధ్యాయురాలు, ఆయా, గంట కొట్టే మనిషి అయిన
మీ మరదలు


ఫిబ్రవరి 13

మరదలికి, వ అలైకుం సలాం.

కూర్చునే మొదలుపెట్టాను. రెండో పేరాలో లేచి నిలబడ్డాను.

నీ ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది దీనితో పాటే వెనక్కి పంపుతున్నాను. పదికి అయిదున్నర. ఆ అర మార్కు దస్తూరికి. ఫోన్ చేసి తిట్టొచ్చుగా అన్నాడు తమ్ముడు. ఫోన్లో దిద్దడానికి ఏముంటుంది?

చదువు చెప్పడమంటే ఎసట్లో బియ్యం పోయడం కాదు. నీకు ఓపిక ఉంది, కాదనను. ఓపిక వేరు, విద్య వేరు. పైగా తోటి పిల్లలు లేని చదువు కూడా ఒక చదువేనా? పక్కన గిల్లడానికైనా ఒకరుండాలి.

కాబట్టి నా షరతు విను. సెలవుల్లో వస్తాను. అది ఎన్నడూ చూడని పేజీ ఒకటి ముందు పెడతాను. చదివిందంటే ఇంక ఈ విషయంలో నోరెత్తను. చదవలేదంటే నా వెంట తీసుకొచ్చి మా బడిలో చేర్చుకుంటాను. ఇక్కడ నేనొక్కదాన్నే, రెండు గదులు ఖాళీగా పడున్నాయి. నెలకోసారి మీరే వచ్చి చూసిపోదురుగాని. ఒప్పుకుంటావో లేదో రాతపూర్వకంగా చెప్పు.

మా అబ్బాకి చెవిలో చుక్కల మందు మర్చిపోకుండా వేస్తున్నావా? మొన్న ఫోన్లో నేను ఆరోగ్యం అడిగితే, బస్సు వెళ్ళిపోయిందన్నారు.

ఇట్లు
వదిన


ఫిబ్రవరి 22

వదినకి సలాములు.

మీ షరతుకి ఒప్పుకున్నాను. తొందరపడకు అని మీ తమ్ముడు చెబుతూనే ఉన్నారు, నేను రాసేశాను. నా కూతురికి అక్షరం రాకపోతే అది నా తప్పే కదా, అప్పుడు మీ దగ్గరికి పంపడమే న్యాయం.

తోటి విద్యార్థి లేని లోటు తీరింది. సోమవారం ఒకడొచ్చి చేరాడు. తల్లి ఎవరో తెలియదు. వానలో తడిసి మెట్ల కింద ముడుచుకుని కూర్చుంటే పిడుగే లోపలికి తీసుకొచ్చింది. పాఠం చెబుతుంటే కళ్ళు మూసుకుని వింటాడు. అన్నం దగ్గర మాత్రం ముందు వరసలో ఉంటాడు. హాజరు కూడా వేస్తున్నాం. మిగతా వివరాలు మళ్ళీ రాస్తాను, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

తుడిచి వచ్చాను. లెక్కల సంగతి చెప్పాలి. మామయ్యకి ఈ మధ్య నమాజులో రకాతుల లెక్క తప్పుతోంది, ఎన్నిసార్లు లేచి వంగారో గుర్తుండదు. పిడుగు వెనక కూర్చుని వేళ్ళు మడుస్తుంది. నిన్న జుహర్‌లో నాలుగు రకాతులకి మూడే చేసి ఆయన ముగించబోతే, చొక్కా అంచు పట్టుకుని లాగింది. ఆయన బుద్ధిగా మళ్ళీ లేచి నిలబడ్డారు. అయ్యాక ఒకటే నవ్వు. ముప్పైయేళ్ళు బస్సులో కండక్టరుగా నేను జనాన్ని లెక్కపెట్టాను, ఇన్నాళ్ళకి నన్ను లెక్కపెట్టే మనిషి వచ్చిందన్నారు. చుక్కల మందు వేస్తూనే ఉన్నాను. బస్సు మాత్రం ఇంకా వెళ్ళిపోతూనే ఉంది.

మేనత్త మీద బెంగట, ఫుప్పూ ఎప్పుడొస్తుందని పిడుగు రోజూ అడుగుతోంది. మీరు ఎందుకొస్తున్నారో దానికి చెప్పలేదు.

ఇద్దరు విద్యార్థుల టీచరు,
మీ మరదలు


మార్చి 2

మరదలికి దీవెనలు.

నీ మీద కోపం సగం తగ్గింది. మనకే చాలీచాలని ఇల్లు, అందులోకి తల్లి లేని బిడ్డని చేరదీశావు. ఇంత మంచి మనసు నీకుందని ఇన్నేళ్ళూ నేను గుర్తించలేదు. తప్పు నాదే. దిద్దడానికి పెన్ను తీసుకుని, తప్పులున్నా వదిలేశాను. పదికి తొమ్మిది.

పిల్లవాడు కళ్ళు మూసుకుని వింటున్నాడంటే అది ఏకాగ్రతైనా అయ్యుండాలి, నులిపురుగులైనా అయ్యుండాలి. ఎందుకైనా మంచిది, మందు పట్టించు.

వేరే పార్సిల్లో వాడికి రెండు చొక్కాలు, ఒక పలక, దువ్వెన పంపుతున్నాను. పిడుగు ఈడే అనుకుని ఆరేళ్ళ కొలతకి కుట్టించాను. ఏ పూటకాపూట తల దువ్వుకోవడం నేర్పు. తిండికి ఎగబడితే తిట్టకు. ఆకలి ఎరిగిన పిల్లలు అలాగే ఉంటారు, నాలుగు రోజులు పోతే సర్దుకుంటారు.

నమాజులో ఉన్న మనిషి ముందు నుంచి నడవకూడదని పిడుగుకి చెప్పావు కదా? వెనక నుంచి లాగితే సరే.

వదిన


మార్చి 12

వదినకి బోలెడు సలాములు.

పార్సిల్ అందింది. చొక్కా చేతులు బాగా పొడవయ్యాయి. వేస్తే ఊరుకోలేదు, మంచం కిందకి దూరాడు. దువ్వెన మాత్రం తెగ నచ్చింది, ఒళ్ళంతా దువ్వించుకుంటున్నాడు. నులిపురుగుల మందు పట్టించబోతే మీ తమ్ముడి చెయ్యి రక్కాడు. అతని గురించి తీరిగ్గా రాయాలి గానీ, ఇవాళ అంతకన్నా పెద్ద వార్త ఉంది.

పిడుగు చదివేస్తోంది. మొదటి వాచకం ముప్పైరెండు పేజీలు, ఎలుక గొడుగు కొన్న పాఠం నుంచి చివరి పాఠం దాకా, ఒక్క తప్పు లేకుండా. పేజీ ఎక్కడ తిప్పాలో అక్కడే తిప్పుతోంది, ఎలుక ఏడ్చే చోట గొంతు కూడా మారుస్తోంది. ఎదురింటి నర్సమ్మని పిలిచి వినిపించాం. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని గంతులేశాను.

సెలవుల దాకా ఎందుకు వదినా, వీలుంటే రేపే వచ్చి పరీక్ష పెట్టండి.

నేల మీద కాలు నిలవని
మీ మరదలు


మార్చి 19

మరదలికి,

శభాష్. అయిదు వారాల్లో వాచకం పూర్తి చేయించిన టీచరు నా ఎరుకలో ఇంకొకరు లేరు. అందుకే నాకు కొంచెం అనుమానంగా కూడా ఉంది. పరీక్ష పరీక్షే.

ఇంకో మాట. చదవగలిగినా సరే, పిల్లల్ని మా బడికే పంపితే ఏం? బాగా చదివే పిల్లకి ఇంకా మంచి బడి అక్కరలేదా? ఇద్దర్నీ పంపు. ఒక్కరు కాదు, ఇద్దరూ కావాలి. రక్కే పిల్లల్ని చాలామందిని చూశాను, భయపడను.

పిల్లవాడి పుట్టిన తేదీ సుమారుగానైనా, టీకాలు వేయించారా లేదా, ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు, వెంటనే రాసి పంపు. రిజిస్టరుకి కావాలి. ఆలస్యం చేయకు.

వదిన


మార్చి 29

వదినా,

ఈ ఉత్తరం పడుకుని చదవండి.

అడిగారు కాబట్టి రాస్తున్నాను. పుట్టుమచ్చలు: వీపు మీద అరచేయంత నల్లమచ్చ ఒకటి, తోక చివర ఇంకొకటి. నాలుగు కాళ్ళూ తెలుపు.

పిల్లి, వదినా. వాడొచ్చాడని రాసిన రోజే చెప్పాల్సింది. పాలు పొంగిన మాట నిజం. తర్వాత రాద్దామనుకునేసరికి నా మనసు మంచిదన్నారు మీరు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో మీరు నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. పిల్లి అని రాస్తే ఆ మెప్పు వెనక్కి తీసేసుకుంటారని భయమేసింది. రోజూ ఆ ఉత్తరం తీసి ఆ పదికి తొమ్మిది చూసుకునేదాన్ని.

ఇంకోటి కూడా చెప్పాలి. పిడుగుకి చదవడం రాదు.

మీ తమ్ముడే కనిపెట్టారు. కంటికి ఆ అద్దం పెట్టుకుని ఒక చేతి గడియారం విప్పుతూ, పక్కన ఇది చదువుతుంటే వింటున్నారు. ఉన్నట్టుండి తలెత్తి, దీని వేలు వెనక్కి తిరుగుతోందేమిటి అన్నారు. చూద్దును కదా, తెలుగు వాచకంలో వేలు కుడి చివర పెట్టి ఎడమకి జరుపుకుంటూ పోతోంది. నోరు మాత్రం పాఠం సరిగ్గానే చెబుతోంది. గొడుగు అనే మాట ఎక్కడుందో చూపించమన్నాను. ఇంకా అక్కడికి రాలేదు కదమ్మా అంది.

కూర్చోబెట్టి అడిగితే అప్పుడు బయటపడింది. పొద్దున్నే మామయ్య, అంటే దాని దాదా, ఖురాన్ చదువుతారు, దీనికి ఆ అక్షరాలు ఇంకా రావు, విని నోటికి చెబుతుంది, వేలు మాత్రం దాదాతో పాటు, అరబీ చదివే తీరున, కుడి నుంచి ఎడమకి కదుపుతుంది. చదవడమంటే అదే అనుకుంది. విన్నది గుర్తుపెట్టుకోవడం, వేలు కదపడం. నేనేమో రోజూ రెండుసార్లు వాచకం పైకి చదివి వినిపించాను. ముప్పైరెండు పేజీలూ చెవితో మింగేసింది. నర్సమ్మ కన్నీళ్ళు వృథా.

ఇప్పుడు వాచకం బీరువాలో పెట్టేశాను. ఏ రోజుకారోజు కొత్త చీటీలు రాస్తున్నాను, బట్టీ పట్టడానికి వీల్లేకుండా. ‘నీ రిబ్బను దిండు కింద ఉంది’, ‘దాదా కళ్ళజోడు వెతికి ఇవ్వు’. చీటీ విప్పితేనే వస్తువు దొరుకుతుంది. మీ తమ్ముడు గడియారాలకి కట్టే చీటీలు కూడా తెచ్చి ఇస్తున్నారు. ‘ముల్లు విరిగింది’, ‘నీళ్ళలో పడింది’. నిన్న ఒకటి చదివింది. చదివిందో, గడియారం చూసి ఊహించిందో తెలియదు. దాన్ని నమ్మాలో వద్దో, నన్ను నేను నమ్మాలో వద్దో తెలియడం లేదు. మీరు రావడానికి ఇంకా మూడు వారాలే ఉన్నాయి. నాకు భయంగా ఉంది వదినా.

మీ మరదలు


ఏప్రిల్ 5

మరదలికి,

ముప్పైనాలుగేళ్ళ ఉద్యోగంలో పిల్లికి చొక్కాలు కుట్టించిన హెడ్మిస్ట్రెస్‌ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. దర్జీ రోజూ అడుగుతున్నాడు, చొక్కా బాబుకి సరిపోయిందా అని. సరిపోయిందని చెప్పాను. ఈ వయసులో నాచేత అబద్ధం ఆడించావు.

మందు పిల్లల కొలతకి పట్టించారా, పిల్లి కొలతకా? బతికే ఉంది కదా?

పిడుగు విషయం. వేలు కుడి నుంచి కదిపిందంటే తెలివి లేక కాదు. చూసింది చూసినట్టు నేర్చుకుంది. తప్పు నీది కూడా కాదు, కానీ తప్పు తప్పే. చీటీల పద్ధతి మంచిది, అది నాకు తట్టలేదు. అయినా షరతు షరతే. ఇరవయ్యో తేదీ సాయంత్రం బస్సుకి వస్తున్నాను. నాకు పిల్ల కావాలి.

ఈసారి ఉత్తరానికి మార్కులు వేయలేదు.

వదిన


ఏప్రిల్ 25

వదినకి సలాములు.

మీరు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. నాలుగు రోజులుగా ఈ ఉత్తరం రాయలేకపోతున్నాను.

ఆ సాయంత్రం మీరు కొత్త పుస్తకం తెరిచి దాని ముందు పెట్టినప్పుడు, నేను తలుపు పక్కన నిలబడి ఎన్ని దువాలు చదివానో ఆ అల్లాకే తెలుసు. అది పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, తల దించుకుని, పెదవి విప్పకుండా కూర్చుంది. బడిలో అలాగే కూర్చునేదట. మీరు కోప్పడలేదు. పొద్దున చూద్దాంలే అన్నారు. మీరు తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

పొద్దున నేను మేడ మీద బట్టలు ఆరేసి దిగి వచ్చేసరికి మీరు చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బస్సు టైమైందన్నారు. బస్సుకి ఇంకా గంటన్నర ఉందని నాకు తెలుసు. ఏం జరిగిందని మామయ్యని అడిగితే, ఏమీ లేదమ్మా, పిడుగు నాకేదో కథ చెబుతోంది, సగం వినపడక మూడుసార్లు చెప్పించుకున్నాను అన్నారు. పిడుగుని అడిగితే, ఫుప్పూ బ్యాగులో పెన్సిలు కోసం వెతికానని ఒప్పుకుంది. అందుకు కోపమొచ్చి ఉంటే క్షమించండి, నేనే సరిగ్గా పెంచలేదు.

మాట మాటే. మే పదో తేదీన మీ తమ్ముడు తీసుకొచ్చి దింపుతారు. పెట్టె సర్దుతున్నాను. దానికి ఇంకా చెప్పలేదు. మీ తమ్ముడు నాతో మాట్లాడటం లేదు, గడియారాలతోనే మాట్లాడుకుంటున్నారు.

కొన్ని జాగ్రత్తలు రాస్తాను. పాలు వేడిగా తాగదు. జడ గట్టిగా వేస్తే ఏడుస్తుంది. నమాజుకి ముందు వుజూ అంటూ కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికే సగం బకెట్టు ఖాళీ చేస్తుంది, దగ్గరుండండి. బడిలో మాట్లాడకపోతే కోప్పడకండి. ఇంటికి వచ్చాక రోజంతా దాచుకున్న మాటలన్నీ ఒకేసారి చెబుతుంది. మీకు పనున్నా సరే, కూర్చుని వినండి వదినా. ఇంట్లో ఆ మాటలు లేకపోతే నేనెలా ఉంటానో నాకు తెలియదు. ఓడిపోయినందుకు కాదు నా ఏడుపు.

మీ మరదలు


ఏప్రిల్ 30

పెట్టె విప్పు.

బట్టలు మళ్ళీ అల్మరాలో పెట్టి, ఆ తర్వాత మిగతాది చదువు.

ఆ పొద్దున నేను పక్క గదిలో నమాజు చాప మడుస్తున్నాను. హాల్లో పిడుగు గొంతు వినిపించింది. నా బ్యాగులో పెన్సిలు దొరకలేదు గానీ, విద్యాశాఖ ఆఫీసు వాళ్ళ ఉత్తరం దొరికింది దానికి. అదేదో నువ్వు రాసి దాచిన పెద్ద చీటీ అనుకున్నట్టుంది. దాదాకి చదివి వినిపిస్తోంది. ‘వి...ద్యా...ర్థుల సంఖ్య ఇరవై కన్నా తక్కువ ఉ...న్నం...దున ఈ పాఠశాలను మూ...సి...వే...యుటకు నిర్ణ...యించ...డమైనది.’ ఏంటీ, గట్టిగా చెప్పు అన్నారు మా అబ్బా. మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆయన మళ్ళీ ఏంటీ అన్నారు. మూడోసారి మొత్తం ఒక్క గుక్కలో చదివింది. నేను తలుపు సందులోంచి చూశాను. వేలు ఎడమ నుంచే కదులుతోంది.

ఆ ఉత్తరం ఎవరూ దానికి ముందే చదివి వినిపించలేదు. నేనే దాన్ని ఒకసారి చదివి, రెండోసారి చదవలేక బ్యాగు అడుగున పడేశాను. నీ కూతురికి చదువు వచ్చింది. నేర్పింది నువ్వే.

అవును, మా బడి మూసేశారు. మిగిలింది పద్దెనిమిది మంది. ఇంకా ఇద్దరుంటే ఆపుతారనుకున్నాను. పిడుగు, ఇంకొకడు. నీ రెండో విద్యార్థిని నేను రిజిస్టర్లో పెన్సిలుతో రాసి కూడా పెట్టాను. వాడు పిల్లి అని తెలిశాక రబ్బరుతో చెరిపి, పిడుగునైనా తెస్తే ఇంకొకరు ఎక్కడో దొరక్కపోతారా అనుకున్నాను. పిల్ల భవిష్యత్తు అని నీకు పాఠాలు చెప్పాను. నేను చూసుకున్నది నా బడిని. అందుకు నువ్వు నన్ను తిట్టొచ్చు. ఎర్ర సిరాతోనే తిట్టు.

బడి సంగతి మీరంతా అడుగుతారని పారిపోలేదు నేను. చదవడం అయ్యాక పిడుగు ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“ఫుప్పూ, మీ బడి మూసేస్తే మీరు కూడా ఇంట్లోనే చదువుకుంటారా?” అని అడిగింది.

నేను లేచి చెప్పులేసుకున్నాను.

సెలవులైనా నిన్న పద్దెనిమిది మందినీ వరసగా నడిపించుకుంటూ వెళ్ళి అవతలి బడిలో చేర్చి వచ్చాను. చివరి పిల్ల చెయ్యి వదలడానికి కాస్త ఆలస్యమైంది. ఎవరు ఎవరి చెయ్యి వదల్లేదో చెప్పలేను. తాళాలతో పాటు ముందస్తు విరమణ కాగితం కూడా ఆఫీసులో ఇచ్చేశాను.

ఇక నా దరఖాస్తు. మీ ఇంటి బడిలో అసర్ తర్వాత వట్టి ఆటలే ఉన్నాయని మొదట్లో రాశావు. ఆ పూట నేను లెక్కలు చెప్పగలను. అనుభవం ముప్పైనాలుగేళ్ళు. లోపాలు: నోరు పెద్దది, నా మాటే నెగ్గాలంటాను, అన్నంలో ఉప్పు తక్కువైతే ఊరుకోను. ప్రధానోపాధ్యాయురాలివి నువ్వే, ఆ కుర్చీ జోలికి రాను. అబ్బాతో గట్టిగా మాట్లాడటానికి నా గొంతు పనికొస్తుంది. వంటింటి పక్కనున్న చిన్న గది చాలు.

నీ ఉత్తరం ఈసారి దిద్దలేదు. రెండుసార్లు చదివాను, అంతే. బడి లేని పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియడం లేదు.

నన్ను చేర్చుకుంటావా?

నీ వదిన